తొమ్మిది మందిలో ఆఖరిది, తొమ్మిది వారాలు మొదటిది

1988 వేసవిలో పశ్చిమ జర్మనీ పాటల చార్టులో ఒక పాట మొదటి స్థానానికి ఎక్కింది. వారం గడిచింది, నెల గడిచింది, కిందికి దిగలేదు. లెక్క తేలేసరికి తొమ్మిది వారాలు. అప్పట్లో యూరప్ డిస్కోల్లో ఇంగ్లిష్ పాటలదే రాజ్యం. ఇది చూస్తే హీబ్రూ. రాసిందేమో పదిహేడో శతాబ్దపు యెమెన్‌లో ఒక యూదు మతగురువు. విషయమా, దైవం మీద విశ్వాసం. మూడొందల ఏళ్ళ నాటి భక్తి కవితకు జర్మన్ కుర్రకారు రంగుల దీపాల కింద గంతులేశారన్నమాట.

పాడినామె ఓఫ్రా హజా. టెల్ అవీవ్‌లోని హతిక్వా అనే పేద పేటలో, యెమెన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1957 నవంబరు 19న పుట్టింది. తొమ్మిది మంది పిల్లల్లో అందరికన్నా చిన్నది. పన్నెండేళ్ళ వయసులో పేటలోని నాటక బృందంలో చేరింది. దాన్ని నడిపే బెజలేల్ అలోని ఆమె గొంతు విని వదలలేదు. తర్వాతి పాతికేళ్ళూ ఆమెకు మేనేజరు, గురువు, పాటల రచనలో తోడు అన్నీ ఆయనే. ఆమె పాడటమే కాదు, అలోనితో కలిసి పాటలు రాసింది కూడా. నలభై రెండేళ్ళకే వెళ్ళిపోయిన ఈ మనిషి పేరు మీద పోగైన రికార్డులూ వింతలూ రెండు జీవితాలకు సరిపోతాయి. వాటన్నిటిలోకీ పెద్దది ఏదంటే, నా మటుకు నాకు, ఆ జర్మనీ తొమ్మిది వారాలే. ఎందుకో తెలియాలంటే ఐదేళ్ళు వెనక్కి, మ్యూనిక్ దాకా వెళ్ళాలి. దానికన్నా ముందు ఒక ఖాళీ డబ్బా సంగతి చెప్పుకోవాలి.

డబ్బా, పళ్ళెం

యెమెన్ యూదుల ఇళ్ళలో పెళ్ళయినా, పెళ్ళికి ముందు గోరింటాకు వేడుకయినా పాట ఉండాల్సిందే. వాయిద్యం మాత్రం ఉండేది కాదు. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశారు. ఆ దుఃఖానికి గుర్తుగా వాయిద్యాలు ముట్టకూడదన్న కట్టుబాటును మిగతా చోట్ల యూదులు చాలావరకు సడలించుకున్నారు గానీ యెమెన్ వాళ్ళు గట్టిగా పట్టుకుని ఉండిపోయారు. దానికి తోడు అక్కడ ఏలిన ఇమాములకు సంగీతమంటే గిట్టేది కాదు.

అయితే నిషేధం వాయిద్యానికే గానీ వంటింటి సామానుకు కాదు గదా! ఖాళీ నూనె డబ్బాను ఒకామె అరచేత్తో, వేళ్ళతో వాయిస్తుంది. ఇంకొకామె రాగి పళ్ళెం అందుకుని వేళ్ళకున్న ఉంగరాలతో దాని మీద తాళం వేస్తుంది. డబ్బాది బరువైన మోత, పళ్ళేనిది సన్నని గణగణ. మన కాలేజీ టూరు బస్సులో సీటు వెనక రేగే దరువు లాంటిదే ఇదీను. కాకపోతే దీని వెనక తరాల సాధన ఉంది. తప్పెట లేదు, తంబుర లేదు, శాస్త్రమూ తప్పలేదు, వేడుకా ఆగలేదు.

ఇందులోనే ఇంకో విశేషం. యెమెన్ యూదుల్లో మగవాళ్ళ పాటలు వేరు, ఆడవాళ్ళ పాటలు వేరు. మగవాళ్ళవి ‘దివాన్’ అనే సంకలనాల్లోవి. హీబ్రూ, అరామిక్, అరబిక్ కలగలిసి ఉంటాయి, విషయం ఎక్కువగా దైవం. ఆడవాళ్ళవి పూర్తిగా అరబిక్. పుస్తకాలకెక్కనివి, తల్లి నోటి నుంచి కూతురు నోటికి వచ్చినవి. ప్రేమ, అత్తింటి బెంగ, మొగుడి మీద కోపం అన్నీ అందులోనే. తల్లి దగ్గర యెమెన్ పాటలు నేర్చుకున్న ఓఫ్రా ఈ రెంటి మధ్య గోడను పట్టించుకోలేదు. 1984లో ‘యెమెన్ పాటలు’ పేరుతో ఆల్బమ్ తెచ్చేనాటికి ఆమె ఇజ్రాయెల్‌లో పెద్ద పాప్ స్టార్. అలాంటిది, మగవాళ్ళు ప్రార్థన స్వరంలో పాడుకునే దివాన్ కవితల్ని ఒక ఆడపిల్ల గొంతులో, డబ్బా, పళ్ళెం మోతలకు వయొలిన్లూ బాకాలూ జోడించి వినిపించింది. పాప్ రంగంలో తిరుగులేకుండా ఉన్నప్పుడు ఎవరూ చేయని పని అది. పాతకాలపు పాటలని జనం పెదవి విరిచే ప్రమాదమూ ఉంది.

ఆ ఆల్బమ్‌లోనే ఉంది ‘ఇమ్ నినాలు’, మొదట్లో చెప్పిన జర్మనీ పాట. కవి పేరు రబ్బీ షాలోం షబజీ. 1619లో పుట్టాడు. నేతపని చేసుకుని బతికాడంటారు. వందల కొద్దీ కవితలు రాశాడు. ఆయన సమాధి యెమెన్‌లోని తాయిజ్‌లో ఉంది. అక్కడ జబ్బు నయం కావాలని మొక్కుకోవడానికి యూదులతో పాటు ముస్లింలూ వచ్చేవాళ్ళు. ఇద్దరికీ చెందిన పీరులాంటి కవి! తన కవిత ఒకనాడు హాంబర్గ్‌లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మోగుతుందని ఆయన కలలో కూడా అనుకుని ఉండడు.

ఆరు పాయింట్ల తేడా

ఓఫ్రా పేరు సినిమాతోనే జనం నోళ్ళలో నానింది. 1979లో ‘ష్లాగర్’ అనే సినిమాలో ఒక అల్లరి పాట పాడింది. బస్తీల్లోని తూర్పు దేశాల యూదు అమ్మాయిలను ఎగతాళి చేస్తూ పిలిచే మాటే దానికి పేరు. బస్తీలో పుట్టిన పిల్లే ఆ పాట పాడి హిట్ చేసింది. బాణీ కట్టింది స్వీకా పిక్. 1998లో డానా ఇంటర్నేషనల్ అనే గాయనికి యూరోవిజన్ పాటల పోటీ గెలిచి పెట్టిన ‘దివా’ పాటకూ బాణీ ఈయనదే.

ఆ తర్వాత 1980, 81, 82, 83. వరసగా నాలుగేళ్ళు ఆమే ఇజ్రాయెల్‌లో ఆ ఏటి మేటి గాయని.

ఇక మ్యూనిక్. 1983 ఏప్రిల్ 23న యూరోవిజన్ పాటల పోటీ ఆ ఊళ్ళో జరిగింది. ఇరవై దేశాలు పాల్గొన్నాయి. ఇజ్రాయెల్ తరఫున ఓఫ్రా పాడిన పాట పేరు ‘హాయ్’, అంటే సజీవం అని. ఇజ్రాయెల్ ప్రజ ఇంకా బతికే ఉంది అన్నది దాని సారం. పాట రాసింది ఏహుద్ మానోర్. దాన్ని ఓఫ్రా ఎక్కడ పాడిందో చూడండి. నాజీల మొట్టమొదటి నిర్బంధ శిబిరం డాకౌ ఆ ఊరికి పక్కనే. పోటీ జరిగిన రూడీ సెడ్ల్‌మేయర్ హాలేమో 1972 ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడించిన చోటు. ఆ ఒలింపిక్స్‌లోనే పదకొండు మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, కోచ్‌లు ఉగ్రవాదుల చేతిలో చనిపోయారు. దాదాపు పదకొండేళ్ళ తర్వాత అదే ఊళ్ళో, ఆ ఒలింపిక్స్ చూసిన హాల్లో ఈ పాట! వేదికను ఎంచుకుంది జర్మన్ టీవీవాళ్ళే. పాటను ఎంచుకున్నది మాత్రం ఇజ్రాయెల్ వాళ్ళు, అది యాదృచ్ఛికం అని ఎవరూ అనుకోలేదు.

ఫలితం: 136 పాయింట్లు, రెండో స్థానం. గెలిచిన లక్సెంబర్గ్‌కు 142. తేడా ఆరు.

ఈ రెండో స్థానం చుట్టూ వింతలు ముసురుకున్నాయి. ‘హాయ్’కి బాణీ కట్టిన అవీ తొలెదానో అంతకు ముందేడు, 1982లో, ఇజ్రాయెల్ తరఫున తానే వేదికెక్కి పాడాడు. అప్పుడూ రెండో స్థానమే. పాడితే రెండు, బాణీ కడితే రెండు! ఇక లక్సెంబర్గ్ సంగతి. ఆ గెలుపు తర్వాత వాళ్ళకు మళ్ళీ విజయం దక్కలేదు. 1993 తర్వాత పోటీకే రావడం మానేశారు. ముప్ఫై ఒక్క ఏళ్ళకు, 2024లో, తిరిగి వచ్చారు. తమ తరఫున పంపిన గాయని తాలీ, పుట్టింది ఇజ్రాయెల్‌లో. ఓఫ్రాను ఆరు పాయింట్లతో ఓడించిన దేశం ఆ లెక్క ఇలా తీర్చుకుందా అనిపిస్తుంది.

ఇంకొకటి. 1949-50లో దాదాపు యాభై వేల మంది యెమెన్ యూదులను ఏడెన్ నుంచి విమానాల్లో ఇజ్రాయెల్‌కు తరలించారు. దేశ జనాభాలో చిన్న భాగమే వాళ్ళు. కానీ ఇజ్రాయెల్ యూరోవిజన్ గెలిచిన మొదటి మూడు సార్లూ పాడింది ఆ మూలాలున్న వాళ్ళే: 1978లో ఇజ్‌హార్ కోహెన్, 1979లో గాలీ అతారీ, 1998లో డానా ఇంటర్నేషనల్. మధ్యలో రెండో స్థానంతో ఓఫ్రా. వీళ్ళకు ముందు తరంలో ఏకంగా యెమెన్‌లోనే పుట్టిన షోషానా దమారీ ఉంది. వాయిద్యం ముట్టని ఇళ్ళు గొంతుల్ని ఎంతలా సానపట్టాయో ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కొండను గుద్దిన ఏడాది

1987 ఫిబ్రవరి 3. ఓఫ్రా, అలోని ఎక్కిన చిన్న విమానం జోర్డాన్ సరిహద్దు దగ్గర కొండను ఢీకొంది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆమె జీవితంలో అదృష్టం పూర్తిగా మారిన సంవత్సరమూ అదే.

‘యెమెన్ పాటలు’ ఆల్బమ్‌ను లండన్‌లోని గ్లోబ్‌స్టైల్ అనే చిన్న కంపెనీ ఇంగ్లండ్‌లో విడుదల చేసింది. జానపదాలు, పరాయి దేశాల సంగీతం ఇష్టపడే నలుగురు కొనుక్కునే రకం రికార్డు. 1987లో కోల్డ్‌కట్ అనే పేరుతో ఇద్దరు లండన్ డీజేలు, న్యూయార్క్ ర్యాప్ జంట ఎరిక్ బి, రకీమ్‌ల ‘పెయిడ్ ఇన్ ఫుల్’ పాటకు రీమిక్స్ చేసే పనిలో ఉన్నారు. ఆ రోజుల్లో శాంప్లర్ యంత్రం కొత్త వింత. ఏ రికార్డులోంచైనా కొన్ని సెకన్ల శబ్దాన్ని పట్టి, మీట నొక్కినప్పుడల్లా పలికించవచ్చు. వాళ్ళు ‘ఇమ్ నినాలు’ మొదట్లో వచ్చే ఓఫ్రా ఆలాపనను కత్తిరించి ర్యాప్ దరువు మీద అతికించారు. పాత పాటలో ఆ చోట గొంతు తప్ప ఇంకేమీ లేదు. వాయిద్యాలు లేకపోవడం వల్లే ముక్క శుభ్రంగా ఊడివచ్చింది, ఎక్కడ పెట్టినా ఒదిగింది. ఎప్పటిదో దేవాలయ శోకం, యెమెన్‌లో వాయిద్యాల నిషేధం, ఒంటరి గొంతు, లండన్ యంత్రం: ఈ గొలుసులో ఏ లంకె లేకపోయినా ఆ రీమిక్స్ ఆ రూపంలో ఉండేది కాదు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘సెవెన్ మినిట్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్’. ఏడు నిమిషాల పిచ్చి.

క్లబ్బుల్లో జనం ‘ఈ అమ్మాయి ఎవరు?’ అని ఆరా తీశారు. సమాధానంగా 1988లో అసలు పాటే ముస్తాబై వచ్చింది. ఇజ్‌హార్ అష్‌దోత్ అనే ఇజ్రాయెల్ సంగీతకారుడు దానికి ఎలక్ట్రానిక్ దరువు తొడిగాడు. ఇంగ్లండ్ చార్టులో ‘పెయిడ్ ఇన్ ఫుల్’ అందుకున్న అత్యున్నత స్థానం 15. మరుసటి ఏడు ‘ఇమ్ నినాలు’ అందుకున్నదీ 15వ స్థానమే. జర్మనీలో మాత్రం తొమ్మిది వారాల పట్టాభిషేకం. మ్యూనిక్‌లో న్యాయనిర్ణేతలు ఇవ్వని మొదటి స్థానాన్ని అదే జర్మనీలో జనం జేబులోంచి డబ్బు తీసి, రికార్డు కొని మరీ ఇచ్చారు. అదీ హీబ్రూ పాటకి. యుద్ధం ముగిసి నలభై మూడేళ్ళే అయింది. అందుకే ఈ తొమ్మిది వారాల్ని నేను మిగతా రికార్డుల పక్కన పెట్టి లెక్కగట్టలేను.

వింత జతలు

ఆమెతో గొంతు కలిపిన వాళ్ళ పేర్లు చదివితే ఎవరో చీట్లు తీసి జత కట్టినట్టుంటుంది. నల్ల బట్టల గోత్ రాక్ బృందం సిస్టర్స్ ఆఫ్ మెర్సీ తమ 1983 నాటి ‘టెంపుల్ ఆఫ్ లవ్’ను 1992లో ఓఫ్రాతో కలిసి మళ్ళీ రికార్డు చేసింది. గాయకుడిదేమో పాతాళంలోంచి వచ్చే గొంతు, ఈమెది ఆకాశం. ఇంగ్లండ్‌లో మూడో స్థానం దాకా వెళ్ళింది. అదే ఏడాది డాన్ వాజ్ నిర్మించిన ‘కిర్యా’ ఆల్బమ్‌లో, చొక్కా లేకుండా స్టేజీ మీద దొర్లే పంక్ పెద్దాయన ఇగీ పాప్ ఆమె పాటకు మాట సాయం చేశాడు. ఆ ఆల్బమ్ ప్రపంచ సంగీతం విభాగంలో గ్రామీ నామినేషన్ తెచ్చుకుంది. అమెరికన్ డ్యాన్స్ తార పౌలా అబ్దుల్ 1995 పాటలో కూడా ఓఫ్రా గొంతు వినిపిస్తుంది. ఫ్రెంచి చారిత్రక చిత్రం ‘లా రెన్ మార్గో’కు సరయేవో సంగీతకారుడు గొరాన్ బ్రెగోవిచ్ ఆమెతో పాడించుకున్నాడు. డిస్కో, గోత్, పంక్, సినిమా. ఎవరు పిలిచినా వెళ్ళింది, ఎక్కడికి వెళ్ళినా యెమెన్ యాసను మాత్రం మార్చుకోలేదు.

1994లో ఇజ్రాయెల్ నాయకులు రాబిన్, పెరెస్, పాలస్తీనా నాయకుడు అరఫాత్‌లకు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చినప్పుడు ఓస్లో వేడుకల్లో పాడింది కూడా ఆమే.

పదిహేడు భాషల తల్లి

1998లో డ్రీమ్‌వర్క్స్ సంస్థ ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ అనే కార్టూన్ చిత్రం తీసింది. మోషే కథ. చిత్రం మొదట్లోనే మోషే తల్లి, మన తెలుగు బైబిలులో యోకెబెదు, పసివాణ్ణి జమ్ము పెట్టెలో పెట్టి నైలు నదిలో వదులుతూ పాడుతుంది. ఆ గొంతు ఓఫ్రాది. సంగీతం హాన్స్ జిమ్మర్, పాటలు స్టీఫెన్ ష్వార్ట్జ్.

చిత్రం ప్రపంచమంతా రకరకాల భాషల్లోకి వెళ్ళింది. మామూలుగా అయితే ఏ భాషకు ఆ భాష గాయని వచ్చి పాడి వెళుతుంది. ఇక్కడ మాత్రం యోకెబెదు పాటను కనీసం పదిహేడు భాషల్లో ఓఫ్రానే పాడింది. ఆ భాషలన్నీ ఆమెకు వచ్చని కాదు. ప్రతి భాషలో ప్రతి అక్షరాన్నీ పట్టి పట్టి పలకాలి, పైగా బిడ్డను వదిలే తల్లి దుఃఖం ఎక్కడా సడలకూడదు. డబ్బింగ్ సినిమాలతో పెరిగిన మనకు ఈ కష్టం విలువ ఇట్టే అర్థమవుతుంది. జిమ్మర్ ఒక సంగతి చెప్పేవాడు: రికార్డింగుకు వచ్చిన ఓఫ్రా అందం చూసి, చిత్రకారులు యోకెబెదు ముఖాన్ని ఆమె పోలికలతోనే గీశారట. గొంతు ఇచ్చినామె ముఖం కూడా ఇచ్చిందన్నమాట.

ఆ సినిమా వచ్చిన పద్నాలుగు నెలలకే, 2000 ఫిబ్రవరి 23న, రామత్ గాన్‌లోని షెబా ఆసుపత్రిలో ఓఫ్రా చనిపోయింది. ఎయిడ్స్ కారణంగా అని పత్రికల్లో వచ్చింది. ఆమె చివరిదాకా దాచుకున్న సంగతిని చనిపోయాక రాయవచ్చా అని ఇజ్రాయెల్‌లో పెద్ద గొడవే నడిచింది. బతికుండగా ఆ మాట బయటపెట్టి, సిగ్గుపడకుండా వైద్యం చేయించుకోగలిగే పరిస్థితి లేకపోవడమే నాకు అంతకన్నా పెద్ద విషయంగా తోస్తుంది. 2007లో హతిక్వా పేటలోని పార్కులో కొంత భాగానికి ఆమె పేరు పెట్టారు. 2022లో అరవై అయిదో పుట్టినరోజుకు గూగుల్ తన హోమ్ పేజీ మీద ఆమె బొమ్మ వేసింది.

పాట ఆగలేదు

షబజీ కవిత మాత్రం తిరుగుతూనే ఉంది. మడోనా 2005 ఆల్బమ్‌లో ‘ఐజాక్’ అనే పాట వినండి. మధ్యలో యిత్జాక్ సిన్వానీ అనే యెమెన్ మూలాల గాయకుడు పాడేది ‘ఇమ్ నినాలు’నే.

ఆడవాళ్ళ పాటల వంతు ఇంకా ఆలస్యంగా వచ్చింది. ‘ఎ-వా’ అనే బృందంలో ముగ్గురు అక్కాచెల్లెళ్ళు. ఎడారి పల్లె షహరూత్‌లో పెరిగారు. యెమెన్ ఆడవాళ్ళు నోటితో దాచుకొచ్చిన అరబిక్ పాటల్లోంచి ‘హబీబ్ గల్బీ’ని తీసి, దానికి ఈ కాలపు దరువు కట్టి 2015లో వదిలారు. ఇజ్రాయెల్ చార్టులో మొదటి స్థానం ఎక్కిన తొలి అరబిక్ పాటగా దానికి పేరొచ్చింది. అరబిక్ అంటే శత్రువు భాష అని మొహం చిట్లించే వాళ్ళు తక్కువేం కాని దేశమది. వంటింట్లో పుట్టిన పాట అక్కడ ఆ ఘనత సాధించింది.

ఇక ర్యాంకుల పిచ్చి ఉన్నవాళ్ళ కోసం చివరి విశేషం. అమెరికన్ పత్రిక రోలింగ్ స్టోన్ 2023 జనవరిలో సర్వకాలాల మేటి గాయకులంటూ 200 మంది జాబితా అచ్చేసింది. అందులో ఓఫ్రా హజాది 186వ స్థానం. లతా మంగేష్కర్ 84, నస్రత్ ఫతే అలీ ఖాన్ 91. గొంతుల్ని తూకం వేసి వరసలో నిలబెట్టే ఈ యవ్వారం నాకు పెద్దగా రుచించదు. అయినా నన్ను అడిగితే ఓఫ్రాను నిక్షేపంగా వంద మెట్లు పైకి జరపమంటాను. జరిపినా ఎనభై ఆరే అవుతుంది, లతాకు రెండు మెట్లు కింద. అక్కడ మాత్రం నేను గీటు దాటను.